మూడో గేటు ఆయనకు ఎర్ర చొక్కా

టానోక్ వంక, హంబోల్ట్ కొండలు, కాలిఫోర్నియా
మార్చి, విడవని వాన

మార్‌గో తల్లీ,

ముందు నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దాలి. "డెబ్బై అయిదేళ్ళు వచ్చి గంజాయి అమ్ముకుంటావా అమ్మమ్మా!" అని రాశావు. నాకు డెబ్బై మూడు. పైగా నేను అమ్మడం లేదు, పండిస్తున్నాను. అమ్మడానికి వేరే లైసెన్సు ఉంది, అది నా దగ్గర లేదు. ఈ లోయ బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాని మనవరాలివి. కోపం వచ్చినా సరే, విషయం సరిగ్గా రాయాలి.

సంగతి చెప్తాను, విను. ఈ లోయలో గంజాయి పండించనిదాన్ని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా చెట్ల చాటున పండించారు, పిల్లల్ని నా బడికి పంపించారు. ఆ పిల్లల కోట్లలోంచి వచ్చే వాసనకు నేను కిటికీలు తెరిచి "వసంతం వచ్చేసిందర్రా" అనేదాన్ని. డిసెంబరులో కూడా. ఇప్పుడు చట్టం మారింది. లైసెన్సు తీసుకుంటే ఎండలో, నలుగురూ చూస్తుండగా పండించుకోవచ్చు. కానీ ఎలుగుబంటి ఎదురొస్తే చీపురు పట్టుకుని తరిమే ఈ జనం దరఖాస్తు చూస్తే పారిపోతారు. "పూర్తి పేరు" అన్న మొదటి గడి దగ్గరే సగం మంది వెనక్కి తిరిగారు. ఇక్కడి మర్యాద నీకు తెలుసు కదా. ఎవరినీ పేరు అడగకూడదు. గేటునిబట్టో కుక్కనిబట్టో పిలవాలి. గుడ్డికుక్క వాళ్ళు, విరిగిన వంతెన ఆవిడ, మూడో గేటు ఆయన.

ఆ మూడో గేటు ఆయనే పోయిన నెల నా వరండాలోకి వచ్చాడు. చేతిలో బ్లాక్‌బెర్రీ జామ్ సీసా. చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. వాన గురించి చెప్పడానికి అంత ఉంటుందని నాకు తెలియదు.

"టీచరమ్మా, మీకు కాగితాలంటే భయం లేదు కదా?" అన్నాడు చివరికి.

"కాగితాలకే నేనంటే భయం."

"నాకు మొక్కలు తెలుసు. మీకు రాయడం తెలుసు."

"నాకు మొక్కలు తెలియవని ఎవరన్నారు? పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను."

"పుస్తకంలో మొక్కకి చీడ పట్టదు కదండీ."

మాట బాగుంది. కూర్చోమన్నాను. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. నలభై ఏళ్ళుగా ఈయన పంటను లోయ దిగువన ఎవరో కొనుక్కుపోతారు, ఎవరో పేరు పెట్టుకుంటారు. ఇప్పుడు కూడా ఒక కంపెనీ వాళ్ళు అదే బేరం పెట్టారట. "ఒక్క పంట టీచరమ్మా. ఒక్కసారి డబ్బా మీద నా పేరు చూసుకోవాలి. ఆ తర్వాత ఎవరు ఏమైనా చేసుకోనీండి" అన్నాడు.

"ఏ పేరు?" అన్నాను.

ఆయన జామ్ సీసా వైపు చూశాడు. మళ్ళీ వాన గురించి మొదలుపెట్టాడు.

కాబట్టి లైసెన్సు నా పేరు మీద, నేల నాది, ఆయన భాగస్వామి. ఎండాకాలంలో ప్రభుత్వం తనిఖీకి వస్తుంది. అందులో నెగ్గితే మా పంట మా పేరుతో దుకాణానికి వెళ్తుంది. తప్పితే మొక్కలన్నీ నరికి ఎరువుగుంటలో వేయాలి. చట్టం అంతే.

మీ అమ్మకు టమాటాలు వేస్తున్నానని చెప్పు.

మీ అమ్మమ్మ,
అగస్టా


శాక్రమెంటో
ఏప్రిల్

అమ్మమ్మా,

డెబ్బై మూడే. క్షమించు. లెంపలు వేసుకున్నాను, ఆఫీసులో పక్క బల్ల దగ్గరి అమ్మాయి అదేం పూజ అని అడిగింది.

అమ్మకు టమాటాలనే చెప్పాను. అమ్మ చదువుతున్న పేపరు కిందపెట్టి, "మీ అమ్మమ్మా? టమాటాలా? ముల్లంగిని కూడా చంపిన మనిషే ఆవిడ" అంది. నేను తుమ్ము వచ్చినట్టు నటించి వంటింట్లోకి పారిపోయాను.

అమ్మమ్మా, నాకు నిజంగానే భయంగా ఉంది. తోటపని నువ్వు ఎప్పుడు చేశావు? నడుం మాటేమిటి? తనిఖీలో తప్పితే ఆ పెద్దాయన తట్టుకోగలడా? నువ్వు తట్టుకోగలవా?

ఇంకొక చిన్న గమనిక. కోప్పడకు. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. మొక్క గురించి నువ్వు ఒక ముక్క రాశావు. మూడో గేటు ఆయన గురించి రెండు పేజీలు రాశావు.

నీ మార్‌గో


టానోక్ వంక
జూన్, ఎండ

మార్‌గో,

నీ గమనిక అందింది. జవాబు చెప్పదలచుకోలేదు. ఇదిగో మొక్కల గురించి, కావలసినంత.

మొదటి పాఠం: వీటిలో మగా ఆడా వేరువేరు మొక్కలు. మగది ఒక్కటి మిగిలినా చాలు, ఆడవన్నీ పువ్వు పని మానేసి గింజల సంసారంలో పడతాయి, పంట పోతుంది. అందుకని అందరికన్నా ముందు ఎదిగి, పొడుగ్గా, దర్జాగా నిలబడ్డ మగవాటిని వెతికి పీకేయాలి.

"మొదటిసారి కదా, జాలేస్తుంది. నేను పీకుతాను లెండి" అన్నాడు మూడో గేటు ఆయన.

"నాకు రెండు పెళ్ళిళ్ళయ్యాయి. ఈ పనికి నాకు శిక్షణ అక్కర్లేదు" అన్నాను.

పాపం, ఆయన చాలాసేపు కొంచెం దూరంగా నిలబడి పనిచేశాడు.

రెండో పాఠం నేనే ఆయనకు చెప్పాను. ఆయన మట్టిని నాలుక మీద వేసుకుని "తియ్యటి నేల" అని తేల్చాడు. నేను బడిలో వాడే ఎర్ర, నీలి లిట్మస్ కాగితాలు తెచ్చి పరీక్ష చేసి పుల్లటి నేలని తేల్చాను. సున్నం కలిపిద్దామన్నాను. వాదించుకున్నాం. విరిగిన వంతెన ఆవిడ తన ఇంటి దాకా మా గొంతులు వినిపించాయని చెప్పింది. చివరికి కుండీల్లో నింపిన ఆ మట్టిలో సున్నమే కలిపాం. పసుపు తిరిగిన ఆకులు తేరుకున్న రోజున ఆయన చెర్రీలు నింపి కాల్చిన తీపి రొట్టె, అదే చెర్రీ పై, చేసి తెచ్చి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఓటమిని ఇంత రుచిగా ఒప్పుకున్న మగవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు ప్రతి మొక్క కాండానికీ ప్రభుత్వం వారి పసుపు బిళ్ళ వేలాడుతోంది, దానిమీద అంకె. ఏ మొక్క ఎక్కడుందో ప్రభుత్వానికి తెలియాలి. కంచెలోపలే, తన వరుసలోనే ఉండాలి. బడిలో హాజరు పట్టీలాగే. నాకు ప్రాణం లేచొచ్చింది. రోజూ పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్ళి హాజరు వేస్తాను. వెనక వరుస మూలనున్నది అచ్చం మీ అమ్మలా తల తిప్పుకుని నిలబడుతుంది.

మార్‌గో, ఇవి ఎంత వేగంగా పెరుగుతాయో తెలుసా! రాత్రి చూసిన ఆకు పొద్దున్నకి అరచేయంత. నిమ్మతొక్క, మిరియాలు, తడిసిన కుక్క, అన్నీ కలిసిన వాసన. నేను ఇంట్లో పాడుకుంటున్నానని గుడ్డికుక్క వాళ్ళు చెప్పారు. నేను నమ్మలేదు. మర్నాడు నాకే వినిపించింది.

ఒకటే చిక్కు. డబ్బా మీద వేసే చీటీకి పేరు ఇంకా రాలేదు. ఆయన గడి దాకా వస్తాడు, కలం పట్టుకుంటాడు, దించేస్తాడు. "పాత రోజుల్లో పేరు తెలిస్తే మనిషి దొరికిపోయేవాడు టీచరమ్మా" అంటాడు. ఆయన బట్టలు చూడాలి నువ్వు. ఒకటి బురద రంగు, ఒకటి ఆకు రంగు, ఒకటి బెరడు రంగు. నిన్న చాలాసేపు ఆయనకు తనిఖీ నియమాలు వివరించాను. తీరా చూస్తే అది ఎండిన మోడు. ఆయన నా వెనకాల ఉన్నాడు.

అమ్మమ్మ


శాక్రమెంటో
జూలై

అమ్మమ్మా,

మునిగాం.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. అమ్మ తీసుకుంది. విప్పలేదు. కవరు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అలాగే కుర్చీలో కూర్చుందట. నేను వచ్చేసరికి ఇంకా అలాగే ఉంది.

"మార్‌గో, టమాటాలకి ఈ వాసన రాదు."

"కొత్త రకమేమో అమ్మా..."

"నేను ఆ లోయలో పెరిగానే. నాకు ఫెర్న్ అని పేరు పెట్టి పెంచింది ఆవిడ. నాకే చెప్తావా?"

తిడుతుందని కాచుకున్నాను. అమ్మ మాత్రం పకపకా నవ్వింది. కిటికీలు తెరిచి "వసంతం వచ్చేసిందర్రా" అని నీ గొంతుతో అరిచింది. పై అంతస్తు వాళ్ళు తొంగిచూశారు. ఆ తర్వాత నీ ఉత్తరాలన్నీ లాక్కుని చదివేసింది. చివర ఒకటే అడిగింది: "చెర్రీ పై చేసి తెచ్చాడా? అడక్కుండానే?"

తనిఖీ ఎప్పుడు? ఇద్దరం గోళ్ళు కొరుక్కుంటున్నాం. మూలనున్న మొక్క తనలా ఉందన్నందుకు మాత్రం అమ్మకు కోపం వచ్చింది.

మార్‌గో


టానోక్ వంక
ఆగస్టు

మార్‌గో, ఫెర్న్, ఇద్దరూ కూర్చుని చదవండి. నిలబడి చదివితే పడతారు.

నిన్న తనిఖీ. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వస్తానని కబురు పెట్టింది. పొద్దున్నుంచీ లోయంతా మా తోటలోనే ఉంది. గుడ్డికుక్క వాళ్ళు కంచె తుడిచారు. కంచె తుడుస్తారా ఎవరైనా? తుడిచారు. కుండీలన్నీ వరుసల్లో, పసుపు బిళ్ళలన్నీ ఒకే వైపు. నేను బడి వార్షికోత్సవాల నాటి నీలం గౌను వేసుకున్నాను. ఇంకా పడుతోంది, ఊపిరి గట్టిగా పీల్చకపోతే.

అప్పుడు కొండ అవతలినుంచి చప్పుడు వచ్చింది. హెలికాప్టరు.

అది నిప్పులార్పేది తల్లీ. రెండు కొండల అవతల గడ్డి అంటుకుంటే నీళ్ళ బకెట్టు వేలాడేసుకుని పోతోంది. ఆ బకెట్టు నాకు కనిపించింది. మిగతావాళ్ళెవరూ తలెత్తి చూడలేదు. నలభై ఏళ్ళుగా ఈ కొండల్లో ఆ చప్పుడుకు ఒకటే అర్థం: పోలీసులొస్తున్నారు, దాచు. మోకాళ్ళ నొప్పులని మెట్లు కూడా ఎక్కని విరిగిన వంతెన ఆవిడ చంకకొక కుండీతో పొదల్లోకి లేడిలా పోయింది. నేను కళ్ళజోడు సర్దుకునేలోపల తోట ఖాళీ. కోళ్ళగూట్లో మొక్కలు, స్నానాల తొట్టెలో మొక్కలు, నా మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న మొక్క.

నేనెక్కడున్నానని అడగకండి. వరండా బల్ల కింద ఉన్నాను. ఒళ్ళో ఒక కుండీ ఉంది. ఎప్పుడు ఎత్తుకున్నానో నాకు తెలియదు. నీలం గౌను చంక దగ్గర చిరిగింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది.

ఇన్‌స్పెక్టరు చిన్నపిల్ల, ముప్ఫై లోపే. ఇస్త్రీ చొక్కా, ఛాతీ మీద "జె. వార్డ్" అని బిళ్ళ. నేను కుండీని అక్కడే వదిలేసి బల్ల కిందనుంచి బయటికి వచ్చాను. ఆమె ఖాళీ కంచెలోకి చూసింది.

"మేడమ్, మొక్కలెక్కడున్నాయి?"

"ఉన్నాయమ్మా. జడుసుకున్నాయి."

"మొక్కలా?"

"చుట్టుపక్కలే ఉన్నాయి. ఒకటి పడుకుంది."

ఆమె నవ్వలేదు. "బిళ్ళ వేసిన మొక్క కంచె దాటితే ఏమవుతుందో మీకు తెలుసు కదా మేడమ్? దాచారని రాయాల్సి వస్తుంది. లైసెన్సు పోతుంది." అని కలం తీసింది.

అప్పుడు కంచె పక్కనున్న ఓక్ చెట్టు కదిలింది. చెట్టు కాదు, మూడో గేటు ఆయన. కారు ఆగినప్పటినుంచీ అక్కడే ఉన్నాడు. ఆయన కావాలనుకుంటే ఆ పిల్ల వెళ్ళిపోయేదాకా అక్కడే ఉండగలిగేవాడు. నలభై ఏళ్ళుగా చేసింది అదే.

ముందుకు వచ్చాడు. టోపీ తీశాడు.

"అమ్మా, టీచరమ్మ తప్పేమీ లేదు. హెలికాప్టరు చప్పుడుకి మొదట కుండీ ఎత్తింది నేను. నన్ను చూసి మిగతావాళ్ళు ఎత్తారు. ఆవిడ లైసెన్సు తీసెయ్యకండి. రాసుకోవాలంటే నా పేరు రాసుకోండి." గొంతు సవరించుకున్నాడు. "ఎల్బర్ట్ సోరెన్సన్. పూర్తి పేరు అదే. రాసుకోండి."

పొదల్లో గుడ్డికుక్క వాళ్ళు "ఎల్బర్టా?" అనుకోవడం అందరికీ వినిపించింది.

మార్‌గో, ఆయన ఇద్దరు పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టాను. బడి పట్టీలో కూడా వాళ్ళు మూడో గేటు పిల్లలే. ఆ ఇంటిపేరు నిన్నే విన్నాను. చీటీ మీద రాయడానికి చేయి రాని మనిషి నా కోసం ప్రభుత్వం వారి కలం ముందు నిలబడి చెప్పాడు.

ఆ పిల్ల కలం కాగితం మీద పెట్టింది. పెట్టిందో లేదో, హెలికాప్టరు బకెట్టు నింపుకుని తిరిగి వచ్చింది, ఈసారి సరిగ్గా నెత్తిమీదుగా.

ఇన్‌స్పెక్టరు మాయమైంది.

చూద్దును కదా, నా వరండా బల్ల కింద ఉంది. ఇస్త్రీ చొక్కాతో, నేను వదిలేసిన కుండీని రెండు చేతులతో వాటేసుకుని, ఆకులు కనపడకుండా దానిమీద వంగిపోయి. చప్పుడు దూరమయ్యాక మెల్లగా తలెత్తింది. మేం అందరం వంగి చూస్తున్నాం.

"అమ్మాయ్," అన్నాను, "ఆ జె అంటే ఏమిటి?"

ముఖం కందగడ్డలా అయింది. "జూనిపర్."

జూనిపర్ చెట్టు, ఫెర్న్ ఆకు; పిల్లలకు ఇలా చెట్ల పేర్లూ ఆకుల పేర్లూ పెట్టేది ఈ కొండల్లోనే. "మాది ఇలాంటి లోయే టీచరమ్మా, ఉత్తరాన" అంది కుండీని వదలకుండానే. మేడమ్ పోయి టీచరమ్మ వచ్చేసింది. "చిన్నప్పుడు నాకు అప్పజెప్పిన పని అదే. చప్పుడు వినగానే చిన్న కుండీలు నావి, పెద్దవి నాన్నవి."

ముందు ఎల్బర్ట్ నవ్వాడు. ఆయన నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు, తుప్పు పట్టిన గేటు తెరిచినట్టుంది. తర్వాత అందరం. ఆ పిల్లకు కన్నీళ్ళు ఆగలేదు, నాకు గౌను ఇంకో వైపు చిరిగింది.

చివరికి లేచి, మోకాళ్ళు దులుపుకుని, కలం జేబులో పెట్టేసింది. "తనిఖీ నేను మొదలుపెట్టినప్పుడు మొదలవుతుంది. ఇంకా మొదలుపెట్టలేదు. ముందు కాఫీ తాగుతాను. నెమ్మదిగా తాగే అలవాటు నాకు" అంది.

నెమ్మదిగానే తాగింది. నా వాల్‌నట్ కేకు కూడా తింది, అది అందరూ తినగలిగేది కాదు. లోయంతా కుండీలు మోసింది. ఆ తర్వాత ప్రతి బిళ్ళా చూసింది, ఒక్కటి కూడా వదలకుండా. అన్నీ ఉన్నాయి, అన్నీ తమ వరుసల్లో. ఒకే ఒక్క వ్యాఖ్య రాసింది: "ఒక మొక్కకు కోడి ఈకలు అంటుకుని ఉన్నవి. తొలగించవలెను."

నెగ్గాం, పిల్లల్లారా. నెగ్గాం!

అమ్మమ్మ


శాక్రమెంటో
సెప్టెంబరు

అమ్మమ్మా!

అమ్మ నీ ఉత్తరాన్ని ఫోనులో తన స్నేహితురాళ్ళందరికీ చదివి వినిపిస్తోంది. హెలికాప్టరు చప్పుడు కూడా నోటితో చేస్తోంది.

కోత తర్వాత ఊళ్ళో సంత ఉంటుందని, పండించినవాళ్ళు తమ పంట పక్కన నిలబడాలని అమ్మ చెప్పింది. మేమిద్దరం వస్తున్నాం. వద్దన్నా వస్తాం. ఏం తీసుకురావాలో రాయి.

ఇంకొక మాట. ఈసారి నీ ఉత్తరంలో సగం దాకా "మూడో గేటు ఆయన" ఉన్నాడు. ఆ తర్వాత "ఎల్బర్ట్" వచ్చాడు. ఊరికే, గమనించాను.

మార్‌గో


టానోక్ వంక
అక్టోబరు, పొగమంచు

మార్‌గో,

గమనించడం నేనే నేర్పాను నీకు. అనుభవిస్తున్నాను.

కోత అయింది. కొమ్మలు కొట్టంలో తలకిందులుగా వేలాడి ఆరాయి. లోయంతా బల్ల చుట్టూ చేరి కత్తెరలతో ఆకులు కత్తిరించి పువ్వులు వేరుచేశాం. వేళ్ళకు జిగురు, నోళ్ళకు ఊరి కబుర్లు. నా వంతు పువ్వులు ఎలక కొరికినట్టున్నాయని విరిగిన వంతెన ఆవిడ అంది. ఆవిడకు కూడా పేరుందట, క్లారిస్. ఎల్బర్ట్ చెప్పిన మర్నాటినుంచి అందరికీ పేర్లు మొలుచుకొస్తున్నాయి. రోజుకొకరు నా వరండాలోకి వచ్చి, కాసేపు వాన గురించి మాట్లాడి, దరఖాస్తు అడుగుతున్నారు. వచ్చే ఏడు నాకు చేతినిండా పని.

పరీక్షశాల కూడా మా పంట శుభ్రమైనదేనని రాసి పంపింది. డబ్బాల చీటీలు నిన్న వచ్చాయి. ఎల్బర్ట్ ఒకటి తీసుకుని వెలుతురులోకి వెళ్ళి, చేయి చాపి దూరంగా పెట్టుకుని చదివాడు, దగ్గరగా పెట్టుకుని చదివాడు. "ఎల్బర్ట్ సోరెన్సన్, అగస్టా పెల్. టానోక్ వంక." నా పేరు ముందుండాలని ఆయన, ఆయన పేరు ముందుండాలని నేను, పెద్ద గొడవే అయింది. క్లారిస్ ఇంటి దాకా వినిపించిందట.

"టీచరమ్మా," అన్నాడు, "రెండు పేర్లు పక్కపక్కన ఉంటే జనం ఏమనుకుంటారో."

"ఏమైనా అనుకోనీ. రాసింది చదువుకోవడం వాళ్ళ పని" అన్నాను.

ఆ చీటీ మడిచి టోపీలో పెట్టుకున్నాడు. డబ్బాకు వేరేది అంటించాం.

మీ అమ్మను ఒక గంప టమాటాలు తెమ్మను. మా తోటలో ఒక్కటీ కాయలేదు, పరువు పోతోంది. ఇక నీకు చెప్పే పని జాగ్రత్తగా చెయ్యి. సంతలో ఎల్బర్ట్ బల్ల వెనక రోజంతా నిలబడాలి. ఆయన బట్టల్లో నిలబెడితే గుడారం గుడ్డ అనుకుని జనం దాటిపోతారు. కాబట్టి బయలుదేరే ముందే బట్టల దుకాణానికి వెళ్ళి ఒక చొక్కా కొను. మందపు నూలుది, పొడుగు చేతులది, భుజాలు వెడల్పు, చేతులు ఒక అంగుళం పొడుగ్గా ఉన్నా పర్లేదు, నేను మడిచి కుడతాను. గళ్ళు వద్దు. దుకాణంవాడు గోధుమరంగో, ముదురాకుపచ్చో చూపించి పెద్దవాళ్ళకి ఇవే హుందాగా ఉంటాయంటాడు, వినకు. ఎర్రది కావాలి, మిరపపండంత ఎర్రది, హెలికాప్టరులోంచి చూసినా కనిపించేంత ఎర్రది. ఇంటికి తీసుకెళ్ళి విడిగా ఒకసారి ఉతుకు, రంగు దిగుతుంది.

అమ్మమ్మ